పాస్టరు అనే మాట ఎక్కడిది?



సంఘ వార్షికోత్సవానికి ఫ్లెక్సీ కొట్టించాలని మన యవ్వనస్థులు మా ఇంటికి వచ్చారు. ప్రజ్ఞాపూర్ చౌరస్తా దగ్గర, రాజీవ్ రహదారి మీద పోయేవాళ్లకు కనబడేటట్టు పెద్దది పెట్టాలని వాళ్ల ఆశ. "అయ్యగారూ, మీ పేరుకు ముందు ఏం పెట్టమంటరు? రెవరెండా, పాస్టరా? దైవజనులు అని కూడా పెడదామా?" అని అడిగారు. అరుగు మీద పెద్దయ్య కూర్చుని ఉన్నారు. మన సంఘానికి వచ్చేవాళ్లకు ఆయన తెలుసు. పుట్టినప్పటినుంచి గొర్రెల వెంట తిరిగిన కురుమ పెద్దమనిషి. చలికాలమైనా వానాకాలమైనా భుజం మీద గొంగడి లేకుండా ఆరాధనకు రారు. ఆయన గొంతు సవరించుకుని, "ఒక మాట అడుగుత, తప్పు వట్టకుండ్రి. పాస్టరు పాస్టరు అంటరు గదా, గా మాటకు అర్థమేంది? కలెక్టరు, కండక్టరు, డాక్టరు, ట్రాక్టరు... గా లెక్కనా?" అన్నారు.

పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాము. "పాస్టరు అంటే కాపరి, పెద్దయ్యా" అని చెప్పి ఊరుకున్నాము. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్న పోలేదు. సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో మాకు గ్రీకు కొంత నేర్పారు, లాటిన్ నేర్పలేదు. లైబ్రరీలో అట్ట ఊడిన పాత లాటిన్ వ్యాకరణ పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ముందు పెట్టుకుని మేమే రాసుకున్న నోటుబుక్కు ఇంకా మా దగ్గర ఉంది. లేచి దాన్ని తీసి చూస్తే, పెద్దయ్య అన్నది అక్షరాలా నిజం. పాస్టరు అనేది కలెక్టరు, కండక్టరు, డాక్టరు, ట్రాక్టరు లెక్కనే పుట్టిన మాట. నవ్వినందుకు సిగ్గుపడ్డాము.

సంగతి ఇది. లాటిన్ భాషలో క్రియకు 'తొర్' అనే ప్రత్యయం చేరిస్తే ఆ పని చేసేవాడు అనే అర్థం వస్తుంది. లాగడం అనే క్రియకు చేరిస్తే ట్రాక్టరు, లాగేది. కదిలించడానికి చేరిస్తే మోటరు. మన బోరుబావి మీద ఉన్నది అదే. వెంట నడిపించేవాడు కండక్టరు. పోగు చేసేవాడు కలెక్టరు. మొదట్లో ఆయన పని శిస్తు పోగు చేయడమే. నేర్పేవాడు డాక్టరు. అవును, డాక్టరు అంటే మొదట సూది వేసేవాడు కాదు, బోధించేవాడు. (డ్రైవరు మాత్రం ఈ కుటుంబంలోది కాదు, అది ఇంగ్లీషు ఇంటి బిడ్డ.) ఒక్క గంట మన చౌరస్తాలో నిలబడితే ఈ లాటిన్ మాటలన్నీ వరసగా మన ముందునుంచి పోతాయి, హారన్ కొట్టుకుంటూ.

సంస్కృతంలో ఈ 'తొర్'కు తోడబుట్టిన ప్రత్యయం ఉంది. వ్యాకరణం చదివినవాళ్లు దాన్ని తృచ్ ప్రత్యయం అంటారు. ఇచ్చేవాడు దాత, చేసేవాడు కర్త, నడిపేవాడు నేత, మాట్లాడేవాడు వక్త. ఈ దాతను లాటిన్ 'దాతొర్' అంటుంది. ఎక్కడి రోము, ఎక్కడి మన బడిలో నేర్చుకున్న కర్త, కర్మ, క్రియ!

ఇప్పుడు పాస్టరులో క్రియ ఏది? లాటిన్‌లో 'పాస్కెరె' అనే క్రియ ఉంది. దాని అర్థం మేపడం, మేత పెట్టడం. కాబట్టి 'పాస్తొర్' అంటే మేపేవాడు. బోధించేవాడు అని కాదు, ప్రార్థించేవాడు అని కాదు, సంఘాన్ని ఏలేవాడు అని అసలే కాదు. కడుపుకు పెట్టేవాడు.

ఆ క్రియకు భూతకాల రూపం 'పావీ'. 'స్క' అనే తోక వర్తమానంలోనే ఉంటుంది, భూతకాలంలో రాలిపోతుంది. మిగిలేది 'పా' అనే ధాతువు. భాషాశాస్త్రం చదివినవాళ్లు దీన్ని సంస్కృతంలోని 'పా' ధాతువుతో కలుపుతారు. అక్కడ దాని అర్థం రక్షించడం. నృపుడు, భూపుడు, గోపుడు అనే మాటల చివర ఉన్న 'ప' అదే. గోవులను కాచేవాడు గోపుడు. ఒకే ధాతువు, అటు పోయి మేపు అయింది, ఇటు వచ్చి కాయు అయింది. రొట్టెకు లాటిన్ మాట 'పానిస్' కూడా ఈ ధాతువుదేనని ఎక్కువమంది పండితులు చెప్తారు. ఆ పానిస్ పోర్చుగీసువారి నోట అరిగి అరిగి మన దేశానికి వచ్చి పావ్ అయింది. సాయంత్రం పావ్ భాజీ బండి దగ్గర నిలబడే మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది.

మన తెలుగు కాపరికి ఈ రక్తసంబంధం ఏమీ లేదు. అది అచ్చ ద్రావిడ మాట. కాచు నుంచి కాపు, కాపరి. కానీ మన భాషకు ఒక అదృష్టం ఉంది. కాయు, మేపు అని రెండు వేరు వేరు క్రియలు ఉన్నాయి. యోహాను సువార్త 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు పేతురును మూడుసార్లు అడిగి మూడుసార్లు పని అప్పగిస్తాడు గదా. గ్రీకులో అక్కడ రెండు క్రియలు ఉన్నాయి. మొదటిసారి, మూడోసారి మేపడం, నడుమ కాయడం. లాటిన్ బైబిలులో ఆ తేడా పోయింది, మూడుసార్లూ ఒకటే, మేపడం. మన తెలుగు బైబిలు తీసి చూడండి. మేపు, కాయు, మేపు అని గ్రీకులో ఉన్నట్టే ఉంటుంది. తెలుగులో తర్జుమా చేసినవాళ్లకు ఎవరు సాయం చేశారో గాని, మేత తెలిసినవాళ్లే అయి ఉంటారని మా మనసు అంటుంది.

ఇక విభక్తులు. చిన్నప్పుడు డుమువులు అని వల్లె వేసినవాళ్లం కాబట్టి మనకు ఇది కొత్త కాదు. తెలుగులో పాస్టరు, పాస్టరును, పాస్టరుచేత, పాస్టరుకొరకు అని మాట వెనక వేరే ముక్క తగిలిస్తాము. లాటిన్‌లో మాట తోకే మారుతుంది. ప్రథమలో పాస్తొర్. ద్వితీయలో పాస్తోరెమ్. షష్ఠిలో పాస్తోరిస్. చతుర్థిలో పాస్తోరీ. 'వలన', 'చేత' అనే చోట పాస్తోరె. పిలిచేటప్పుడు మళ్లీ పాస్తొర్. బహువచనంలో పాస్తోరేస్, పాస్తోరుమ్, పాస్తోరిబుస్. ప్రథమలో ఒత్వం పొట్టిది, మిగతా వాటిలో దీర్ఘం అయిందని గమనించారా? లాటిన్‌లో మాట చివర రేఫ వస్తే దాని ముందు దీర్ఘం కుదించుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ తేడా కనబడదు. మన తెలుగు లిపిలో ఒ, ఓ వేరుగా ఉన్నాయి కాబట్టి కనబడుతుంది. లాటిన్ నేర్చుకునేవాళ్లు తెలుగులో రాసుకుంటేనే మేలని మేము ఆ నోటుబుక్కు నాడే అనుకున్నాము.

రోము భాష చెదిరి కొత్త భాషలు పుట్టినప్పుడు ఈ విభక్తులు దాదాపు అన్నీ పోయాయి. ఇటలీవాళ్లు ద్వితీయా రూపాన్నే ఉంచుకుని చివరి మకారం వదిలేసి పాస్తోరె అన్నారు. ఫ్రెంచివాళ్ల దగ్గర రెండూ మిగిలాయి. ప్రథమ నుంచి 'పాత్ర్', ద్వితీయ నుంచి 'పాస్తర్'. ఈ రెండోది ఇంటిపేరుగా ఉన్న ఒక మనిషిని మీరంతా రోజూ పొద్దున తలుచుకుంటున్నారు. పాల ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని ఉంటుంది గదా. 1822లో పుట్టిన లూయి పాశ్చర్ అనే శాస్త్రజ్ఞుని పేరు అది. పిచ్చికుక్క కాటుకు టీకాను 1885లో మొదట వేయించింది ఆయనే. ఇంటిపేరుకు అర్థం కాపరి. తండ్రి చేసే పని తోళ్లు శుద్ధి చేయడం. బుధవారం కూడికలో ఈ మాట చెప్పినప్పుడు మన సంఘంలో కొందరి తాతల వృత్తి గుర్తుకొచ్చి ముఖాలు వెలిగాయి. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఇంకా చెప్పమని అడిగారు.

ద్వితీయా విభక్తి దగ్గర కాస్త ఆగాలి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 11వ వచనంలో పౌలు అపొస్తలులను, ప్రవక్తలను, సువార్తికులను, కాపరులను, ఉపదేశకులను వరసగా చెప్తాడు. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు 1611లో వచ్చింది. అందులో పాస్టరు అనే మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్క చోటనే ఉంది. పాత నిబంధనలో యిర్మీయా గ్రంథంలో ఎనిమిదిసార్లు ఉంది, అందులో చాలా చోట్ల మంద చెదరగొట్టిన కాపరుల మీద కోపంతోనే. మన తెలుగు బైబిలులో పాస్టరు అనే మాట ఒక్కసారి కూడా లేదు. మమ్మల్ని మీరు పిలిచే పేరు మీ చేతిలోని బైబిలులో లేదు.

ఆ ఎఫెసీ వచనంలో గ్రీకులోనూ లాటిన్‌లోనూ కాపరులు అనే మాట కర్తగా లేదు, కర్మగా ఉంది. కర్త క్రీస్తు. క్రియ 'ఇచ్చెను'. మన తెలుగులో ఆ క్రియ 'నియమించు' అయింది. తప్పేమీ కాదు గాని, నియమించడం అంటే మనకు ఉద్యోగం, కుర్చీ, ఆర్డరు కాగితం గుర్తుకొస్తాయి. ఇవ్వడం అంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి. మేము మీకు ఇవ్వబడినవాళ్లము. ఊళ్లలో పాస్టరు ఎప్పుడూ ప్రథమా విభక్తిలోనే ఉంటాడు. పాస్టరు చెప్పాడు, పాస్టరు వచ్చాడు, పాస్టరు అలిగాడు. లాటిన్ బహువచనంలో ఒక విచిత్రం ఉంది. ప్రథమకూ ద్వితీయకూ రూపం ఒకటే, పాస్తోరేస్. మాటను చూసి కర్తో కర్మో చెప్పలేము, క్రియను చూడాలి.

ఇదే పాస్తోరేస్ అనే మాట లూకా సువార్త 2వ అధ్యాయంలో కూడా లాటిన్ బైబిలులో ఉంది. రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులు వాళ్లు. లాటిన్ చదివేవారికి బేత్లెహేము గొర్రెల కాపరికీ సంఘపు పాస్టరుకూ వేరు మాటలు లేవు. మనం క్రిస్మస్ నాటికలో పిల్లలకు గొంగళ్లు కప్పి నిలబెడతాము, పాస్టరు మాత్రం తెల్ల చొక్కాతో కుర్చీలో కూర్చుంటాడు.

రోములో ఆ పాస్తోరేస్ ఎవరు? పెద్ద భూస్వాముల మందల వెంట తిరిగే బానిసలు. వర్రో అనే రోము పండితుడు ఎనభయ్యో ఏట, క్రీ.పూ. 37లో, వ్యవసాయం మీద మూడు భాగాల గ్రంథం రాశాడు. రెండో భాగమంతా పశువుల గురించే. ముతక ఉన్ని గొర్రెలు ఎనభైకి ఒక కాపరిని పెడతానని ఆయన లెక్క చెప్తాడు. ఆయన మిత్రుడు ఒకాయన వందకు ఒకరిని పెట్టేవాడట. అందరి మీద ఒక పెద్ద కాపరి ఉంటాడు. వాడికి చదువు రావాలి, ఎందుకంటే మందకు వచ్చే రోగాలు, మందులు రాసి పెట్టుకోవాలి. ఆ పెద్ద కాపరి కూడా యజమాని కాదు. మొదటి పేతురు పత్రిక 5వ అధ్యాయంలో ప్రధాన కాపరి అనే మాట చదివినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. అక్కడ ప్రధాన కాపరి ఆయనే, యజమానీ ఆయనే. మిగిలినవాళ్లందరూ మంద సొంతదారులు కానివాళ్లే.

ఈ ఎనభై లెక్క పెద్దయ్యకు చెప్పాము. ఆయన ఒప్పుకోలేదు. "కుక్క మంచిదైతే ఇంకో యాభై ఎక్కువైనా కాస్తం" అన్నారు. 2017 జూన్‌లో మన కొండపాకలో ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలు పెట్టినప్పుడు యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు గదా. ఆయనకూ ఒక యూనిట్ వచ్చింది. వాటన్నిటి ముఖాలూ ఆయనకు వేరువేరుగా తెలుసు. మా రిజిస్టరులో 83 పేర్లు ఉన్నాయి. వర్రో లెక్కకు సరిపోయే మంద.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

అంతకు ముందు ఒక చిన్న సంగతి. 23వ కీర్తన మొదటి వచనం మనకందరికీ కంఠతా వచ్చు. నాలుగో శతాబ్దపు చివర జెరోము అనే భక్తుడు కీర్తనలను లాటిన్‌లో రెండుసార్లు సిద్ధపరిచాడు. మొదటిసారి గ్రీకు తర్జుమాను అనుసరించి పాత లాటిన్ పాఠాన్ని సరిదిద్దాడు. అందులో ఆ వచనంలోని క్రియ 'రెగిత్', అంటే ఏలుతున్నాడు, నడిపిస్తున్నాడు. తర్వాత హెబ్రీ నేర్చుకుని, హెబ్రీనుంచే మళ్లీ తర్జుమా చేశాడు. ఈసారి అదే చోట 'పాస్కిత్' అని పెట్టాడు, అంటే మేపుతున్నాడు. హెబ్రీలో ఉన్న మాట మేత మాటే. కానీ సంఘాలకు పాత పాఠం నోటికి అలవాటైపోయింది. ఆరాధనల్లో పాడింది 'రెగిత్' ఉన్న పాఠమే, వెయ్యి ఏళ్లకు పైగా. మేపడం పుస్తకంలో ఉండిపోయింది, ఏలడం నోట మిగిలింది.

మన సంఘంలో ఒక విధవరాలైన సహోదరి ఐదు ఆదివారాలు రాలేదు. మేము ఏం చేశాము? మూడో వారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, లోకం వైపు తిరిగిపోయేవాళ్ల గురించి గట్టిగా మాట్లాడాము. అది ఆమెకు చేరుతుందని మాకు తెలుసు. చేరింది కూడా. ఐదో వారం పెద్దయ్య మా ఇంటికి వచ్చి గడపలోనే నిలబడి చెప్పారు. రేషన్ దుకాణంలో ఆమె వేలిముద్ర పడటం లేదు, బియ్యం రాలేదు. కూలికి పోదామంటే నడుము పట్టేసింది. ఆదివారం కానుక వేయడానికి చేతిలో పది రూపాయలు లేక, ఖాళీ చేతితో ఎట్లా రావాలని రావడం మానుకుంది. "ఒక్క గొర్రె తక్కువైతే పొద్దుగూకెలోపు నాకు కడుపుల కాలుతది అయ్యగారూ. మీకు ఐదు వారాలు వట్టిందా?" అన్నారు పెద్దయ్య. మేము ఆయనకు ఏమీ జవాబు చెప్పలేదు. మా అమ్మగారు లోపలినుంచి బియ్యం సంచి పట్టుకుని అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

ఆ ఐదు వారాలు మేము 'రెగిత్' చేశాము. వాక్యముతో ఏలాము. ఆ సహోదరి అనుమతితోనే ఇది రాస్తున్నాము; పేరు ఎవరూ అడగవద్దు. ఇప్పుడు ఆమె వస్తున్నారు.

మళ్లీ మాట దారిలోకి వద్దాము. బానిస పని చెప్పే ఈ మాట సంఘంలో గౌరవ పదం ఎట్లా అయింది? సుమారు 590లో రోము బిషప్పు మొదటి గ్రెగరీ కాపరుల బాధ్యత మీద రాసిన గ్రంథం మధ్యయుగాల్లో పడమటి సంఘాలన్నిటికీ చేతి పుస్తకం అయింది. తొమ్మిదో శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. తర్వాత మతసంస్కరణ కాలంలో యాజకుడు అనే మాటను పక్కకు పెట్టాలని చూసినవాళ్లకు పాస్టరు అనే మాట దొరికింది. 1541లో జెనీవాలో కాల్విన్ సంఘపు నియమావళి రాసినప్పుడు నాలుగు పనులు చెప్పాడు. పాస్టర్లు, డాక్టర్లు, పెద్దలు, పరిచారకులు. ఇక్కడ డాక్టర్లు అంటే బోధకులు. మన పెద్దయ్య ఒక వరసలో చెప్పిన మాటల్లో రెండు కాల్విన్ నియమావళిలోనివే!

మన తెలుగు నేలకు ఈ లాటిన్ చుట్టాలు వేరు వేరు దారుల్లో వచ్చారు. మొదట వచ్చింది పాస్టరు కాదు, పాదిరి. తండ్రి అనే లాటిన్ మాట పోర్చుగీసులో పాద్రె అయి, మన ఊళ్లలో పాదిరి అయింది. మన పితృ శబ్దానికి అది దాయాది. పాస్టరు అనే మాట ప్రొటెస్టెంటు మిషనరీలతో వచ్చింది. హాలె నుంచి వచ్చిన లూథరన్ బెంజమిన్ షుల్జ్ 1720ల్లో మద్రాసులో కూర్చుని తెలుగు నేర్చుకుని బైబిలు తర్జుమాకు పూనుకున్నాడు. అది అచ్చు కాలేదు. 1733లో తమిళ దేశంలో ఆరోను అనే భారతీయుడు తరంగంబాడి మిషనులో పాస్టరుగా అభిషేకం పొందాడు. 1842లో హేయర్ గుంటూరుకు వచ్చాడు. తర్జుమా చేసినవాళ్లు పుస్తకంలో కాపరి అని రాశారు, జనం నోట అయ్యగారు అన్నారు, రిజిస్టర్లలో ఇంగ్లీషువాళ్లు పాస్టర్ అని రాసుకున్నారు. చివరికి రిజిస్టరు మాట జనం నోటికి ఎక్కింది. తెలుగు మాట హల్లుతో ఆగడానికి ఇష్టపడదు కాబట్టి ఒక ఉకారం తగిలించి పాస్టరు అన్నాము. బహువచనం పాస్టర్లు, ట్రాక్టర్లు లాగా. సి.ఎస్.ఐ. సంఘాల్లో పాస్టరేట్ అంటే ఒక పాస్టరు చూసుకునే సంఘాల గుంపు అయింది.

మాట సంగతి అట్లా ఉండగా, దాని అర్థం మాత్రం కరువులో వచ్చింది. 1876-78 మహా కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని కరువు పనులు ముగిసేవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆయన మొదట మేపాడు, తర్వాత లెక్క పెట్టాడు. మన ప్రాంతంలో అయితే మెదక్. 2016లో సిద్దిపేట జిల్లా కాకముందు మనమూ మెదక్ జిల్లావాళ్లమే. 1895లో ఈ దేశానికి వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో పరిచర్య చేశాడు. కరువు కాలంలో జనానికి పని చూపి తిండి పెడుతూ కట్టించిన ఆ పెద్ద గుడి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ గుడికి రాళ్లు మోసినవాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు మన సంఘంలో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఆ గుడి మాట వస్తే ముందు చెప్పేది రంగుల అద్దాల గురించి కాదు, ఆ పనిలో దొరికిన తిండి గురించి.

ఒక సహోదరి అడిగారు, "పాస్టరుకు స్త్రీలింగం లేదా?" అని. మంచి ప్రశ్న. లాటిన్‌లో 'తొర్'కు స్త్రీలింగం 'త్రిక్స్'. సంస్కృతంలో దానికి జోడు 'త్రి'. రచయితకు రచయిత్రి ఉన్నట్టే. అయితే పాస్తొర్‌కు ఆ రూపం రోము రచయితల్లో వాడుకలో కనబడదు. కానీ వర్రోనే చెప్తాడు, కొండల్లో మందల వెంట ఆడవాళ్లు కూడా తిరిగేవారని, మగవాళ్లకు తీసిపోకుండా పని చేసేవారని. పని ఉంది, పేరు లేదు. మన దగ్గర పాస్టరమ్మ అంటే పాస్టరు భార్య. ఆదివారం వంట ఎవరిదో, బియ్యం సంచి పట్టుకుని మొదట బయలుదేరింది ఎవరో పైన చెప్పాము. సి.ఎస్.ఐ.లో 1976 నుంచి స్త్రీలకు అభిషేకం ఇస్తున్నారు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, సి.ఎస్.ఐ.లో ఆ పీఠం ఎక్కిన మొదటి స్త్రీ ఆమె. మన చిన్న సంఘాల్లో ఇంకా చాలామంది ఈ మాట వినడానికి ఇష్టపడరు. మేము మాత్రం, మేపుతున్నవారిని మేపేవారు అనకుండా వ్యాకరణం ఎవరినీ ఆపలేదని అనుకుంటున్నాము.

మంద సంగతి కూడా ఒకటి చెప్పాలి. కాంగ్రిగేషన్ అనే మాటలో 'గ్రెగ్' అనే ముక్క ఉంది గదా, లాటిన్‌లో మందకు మాట 'గ్రెక్స్', దానినుంచే అది వచ్చింది. పశువుకు లాటిన్ మాట 'పెకు', మన పశు శబ్దానికి చుట్టం. ఆ పెకు నుంచే డబ్బుకు వాళ్లు పెట్టుకున్న పేరు 'పెకూనియా' పుట్టింది. తెలుగులోనూ కొన్ని ప్రాంతాల్లో పశువులను సొమ్ములు అంటారు. మందను చూసి సొమ్ము అనుకోవడం పాత రోగమే.

ఇక ఫ్లెక్సీ. రెవరెండ్ అనేది కూడా లాటిన్ మాటే. 'రెవెరెందుస్', అంటే గౌరవింపదగినవాడు. వ్యాకరణంలో అది కర్మణి. అందులో పని చేసేది ఎదుటివాళ్లు; ఆ పేరు ఉన్నవాడు చేయవలసింది ఏమీ లేదు, కూర్చుని గౌరవం పుచ్చుకోవడమే. పాస్టరు కర్తరి. అందులో పని ఉంది, కడుపులు ఉన్నాయి, మేత ఉంది. అభిషేకం పొందిన పెద్దలు రెవరెండ్ అని రాసుకుంటే మాకు అభ్యంతరం లేదు, సంఘాలు ఇచ్చిన పేరు అది. మాకు మాత్రం రెండో మాట చాలని యవ్వనస్థులతో చెప్పాము. వాళ్లకు అంతగా నచ్చలేదు. "పక్క ఊరి ఫ్లెక్సీలో నాలుగు ఉన్నయి అయ్యగారూ" అన్నారు. ఖాళీగా మిగిలే చోట ఏం పెట్టాలని ప్రింటింగ్ షాపునుంచి ఫోను కూడా చేశారు. బుధవారం ప్రార్థన ఏడు గంటలకు, తర్వాత భోజనము ఉండును అని పెట్టమన్నాము. అట్లాగే వచ్చింది. భోజనము అనే మాట మా పేరుకంటే పెద్ద అక్షరాల్లో పడింది, ఎవరు చేశారో ఎవరూ ఒప్పుకోవడం లేదు.

గత ఆదివారం పెద్దయ్య ఫ్లెక్సీ చూసి వచ్చి, "అయితే బిషప్పు అంటే ఏంది?" అని అడిగారు. అది లాటిన్ కాదు, గ్రీకు. వచ్చే వ్యాసంలో రాస్తాము.